ఎదురు కుర్చీ

మా తోడికోడలి మీద నాకున్న అసూయ నిన్న మొన్నటిది కాదు. టెక్సస్ ఎండకి మా పెరట్లో కరివేపాకు మొక్క ఎండు పుల్లలా నిలబడి ఉంటే, ఇదే ఇర్వింగ్ ఊళ్ళో, మా ఇంటికి కూతవేటు దూరంలో, ఆవిడ పెరట్లో కరివేపాకు నా భుజం దాకా పెరిగింది. ఆ మొక్క ఇచ్చింది నేనే. హైవే ఎక్కాలంటే నాకు ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి. ఆవిడ రేడియోతో పాటు పాడుకుంటూ ఎక్కేస్తుంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు పిన్ను లేకుండా నిలబడతాయి. ఆవిడకి పీహెచ్‌డీ ఉంది. నాకు తొమ్మిదో తరగతి ఉంది, అదీ అర్ధసంవత్సరం పరీక్షల దాకా. ఇవన్నీ నేను నవ్వు ముఖంతోనే భరించాను.

భరించలేకపోయింది ఒక్క కుర్చీని. మా అమ్మాయి చదివే హైస్కూల్లో, పిల్లల మంచిచెడ్డలు చూసే కౌన్సిలర్ గదిలో ఒక గుండ్రటి బల్ల ఉంది. మధ్యాహ్నం బల్లకి ఒక పక్క మా అమ్మాయి కూర్చుని అన్నం తినేది. ఎదురు కుర్చీలో మా తోడికోడలు కూర్చునేది. కన్నది నేను. ఆ కుర్చీ నాది.

ఆవిడ చేసే పనేమిటో మొదట్లో నాకు అంతుపట్టలేదు. యూనివర్సిటీలో డైటీషియన్లు కాబోయే పిల్లలకి పాఠాలు చెబుతుందన్నారు. సరే, షుగర్ ఉన్నవాళ్ళని అన్నం తగ్గించమనడం ఎలాగో నేర్పుతుందేమో అనుకున్నాను. కాదట. తిండితో మనిషికి వచ్చే జబ్బులున్నాయట. తినడం మానేసేవాళ్ళు, తిని కక్కేసేవాళ్ళు, ఎవరూ చూడకుండా ఆపుకోలేనంతగా తినేవాళ్ళు. కొలతలు, లెక్కలు నేర్చుకుందామని కోర్సులో చేరిన పిల్లలకి, ఈ జబ్బున్న వాళ్ళ ముందు కొలతలు ఎత్తకూడదని మొదటి రోజే చెబుతుందట. మిగతా రోజుల్లో స్కూళ్ళు తిరుగుతుంది. టీచర్లని, కోచ్‌లని, నర్సులని, క్యాఫెటీరియాలో వడ్డించేవాళ్ళని కూర్చోబెట్టి చెబుతుంది: పిల్లల డబ్బా తెరిచి చూసి ఇది మంచి తిండి, ఇది చెత్త తిండి అని మార్కులెయ్యకండి. అందరి ముందూ బరువు తూచకండి. పిల్ల సన్నబడితే వెంటనే మెచ్చుకోకండి, ముందు ఎందుకు సన్నబడిందో కనుక్కోండి.

ఇంట్లో పుట్టినరోజులకీ పండగలకీ అందరం కలిసినప్పుడు నేను ఊరుకునేదాన్ని కాదు. "మా అమ్మకి పిల్లల చేత తినిపించడానికి ఒక చెయ్యి చాలేది, మా తోడికోడలికి ప్రొజెక్టర్ కావాలి" అనేదాన్ని. అందరికంటే ముందు ఆవిడే నవ్వేది, అదీ మనస్ఫూర్తిగా. కొంచెమైనా నొచ్చుకుంటే నాకు ఊరటగా ఉండేది.

ఆవిడకి యూనివర్సిటీ ఉంటే నాకు చర్చి ఉంది. మా తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ భోజనాలు. పలావు, కోడికూర, పెరుగు చట్నీ. గరిటె నా చేతిలో ఉంటుంది. కంపెనీ డైరెక్టరైనా, నిన్న విమానం దిగిన స్టూడెంటైనా నా గరిటె దాటి వెళ్ళాల్సిందే. సన్నగా కనిపించిన కుర్రాడిని, "ఏం బాబూ, వీసా రాలేదా, అన్నం రాలేదా?" అని అడుగుతాను. చాలు చాలని పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళకి, "డైటింగ్ రేపటి నుంచి బ్రదర్, ఇవాళ ప్రభువు దినం" అని ఆ వేళ్ళ సందుల్లోంచే వడ్డిస్తాను. మా వాళ్ళలో ప్రేమ అంటే అదే. వద్దన్నవాడికి పెట్టడం.

అదే చర్చిలో శుక్రవారాలు ఉపవాస ప్రార్థన ఉంటుంది. మా అమ్మాయి హైస్కూల్లో చేరాక దానికి రావడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి బుధవారం కూడా ఉపవాసం అంది. తర్వాత పరీక్షల కోసం ఉపవాసం, ఫ్రెండ్ వాళ్ళ అమ్మ ఆపరేషన్ కోసం ఉపవాసం, స్కూల్ బ్యాండ్ పోటీ కోసం ఉపవాసం. దేవుడి పేరు చెప్పి తిండి మానేస్తే మా దగ్గర ఎవరూ ప్రశ్నించరు. పైగా ముచ్చట పడతారు. పాస్టర్ గారు ప్రసంగం మధ్యలో మా అమ్మాయిని చూపించి, యౌవనస్థులు ఈ బిడ్డను చూసి నేర్చుకోవాలన్నారు. ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరి ఎలా పెంచారండీ అని అడిగారు. నేను తల వంచుకుని, అంతా దేవుడి కృప అన్నాను. ఆ వంచిన ముఖంలో ఎంత గర్వం ఉందో కిందున్న కార్పెట్‌కే తెలియాలి.

ఆ రోజుల్లోనే క్రిస్మస్ భోజనాల దగ్గర మా తోడికోడలు నన్ను పక్కకి పిలిచింది. మా మరిది, ఆవిడ వేరే చర్చికి వెళతారు, మా దగ్గరికి ఎప్పుడో క్రిస్మస్‌కి వస్తారు. పిల్ల ఉపవాసాలు ఎక్కువయ్యాయి అనిపిస్తోంది, ఒకసారి డాక్టర్‌కి చూపిద్దామా అని మెల్లగా అడిగింది. నాకు లోపల ఎంత సంబరమయిందో చెప్పలేను. ఇన్నేళ్ళకి, మొట్టమొదటిసారి, ఆవిడకి నన్ను చూసి కుళ్ళు పుట్టింది అనుకున్నాను. ఆ సంబరంలో ఆవిడకి ఇంకో గరిటెడు పాయసం వేశాను.

ఆగస్టులో మా అమ్మాయి స్కూల్ పార్కింగ్ లాట్‌లో పడిపోయింది. బ్యాండ్ పిల్లలు ఎండలో, తారు మీద, వాయిద్యాలు పట్టుకుని కవాతు చేస్తారు. క్లారినెట్ ఒక పక్క, పిల్ల ఒక పక్క. నర్సు గదికి తీసుకెళ్ళారు. ఏం తిన్నావు అంటే ఫాస్టింగ్ ప్రేయర్ అందట. ఇంకో నర్సయితే గ్లాసెడు జ్యూస్ ఇచ్చి, దేవుడు నిన్ను దీవించుగాక అని పంపేసేది. ఈ నర్సు మాత్రం, "ఉపవాసం లేని రోజు ఏం తింటావు?" అని అడిగింది. మా అమ్మాయి దానికి జవాబు చెప్పలేక ఏడ్చిందట.

ఆ ప్రశ్న ఆ నర్సుకి ఎవరు నేర్పారో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కిందటి ఏడాది ఆ స్కూల్‌కి ట్రైనింగ్ ఇచ్చింది మా తోడికోడలే. నా పిల్ల పడిపోతే పట్టుకున్న చెయ్యి కూడా ఆవిడ శిష్యురాలిదే. ఆస్పత్రి కారిడార్‌లో నేను దేవుడికి కృతజ్ఞత చెప్పాను. ఆవిడకి చెప్పడానికి నాకు ఇంకొంత టైం పట్టింది.

డాక్టర్, థెరపిస్ట్, డైటీషియన్, ముగ్గురు వచ్చారు. డైటీషియన్ ఎవరో వేరే అమ్మాయి. నువ్వే చూడొచ్చుగా అని మా ఆయన మా తోడికోడల్ని అడిగితే, "నేను దానికి పిన్నిని బావగారూ, నేను ట్రీట్ చెయ్యకూడదు" అంది. వాళ్ళు పెట్టిన పద్ధతి ఏమిటంటే, ఉపవాసాలు పూర్తిగా బంద్, పిల్ల ఏ పూట తిన్నా పెద్దవాళ్ళు ఒకరు కూడా ఉండాలి. ఆ సంగతి విన్న పాస్టర్ గారు ఇంటికొచ్చి మా అమ్మాయి ముందే, దేవుడికి నీ ఆకలి అక్కర్లేదమ్మా అని చెప్పి ప్రార్థన చేసి వెళ్ళారు. పొద్దున, రాత్రి ఇంట్లో నేనుంటాను. మధ్యాహ్నం స్కూల్లో ఎవరు? కౌన్సిలర్ మా అమ్మాయినే అడిగింది.

పిన్ని, అంది మా అమ్మాయి.

కౌన్సిలర్ ఆ కబురు నాకు ఫోన్‌లో ఎంతో తియ్యగా చెప్పింది. ఆ తీపికి నా పళ్ళు జివ్వుమన్నాయి.

ఇంట్లో మా భోజనం యుద్ధంలా ఉండేది. నేను పెనం మీంచి దోసె తీసి వేడివేడిగా పళ్ళెంలో వేసి, వెనకే నిలబడేదాన్ని. ఒక్క ముక్క. ఇంకొక్క ముక్క. నాకోసం ఒకటి. డాడీ కోసం ఒకటి. దోసె చల్లారేది, ముక్కలు ఇంకా చిన్న ముక్కలయ్యేవి, కొన్ని టిష్యూలోకి, కొన్ని చొక్కా చేతిలోకి పోయేవి. నేను జోకులు వేసేదాన్ని, బతిమాలేదాన్ని, కోప్పడేదాన్ని, వెళ్ళి ఇంకో దోసె తెచ్చేదాన్ని. మా ఆయన ఫోన్‌లో ఏదో చాలా ముఖ్యమైనది చదువుతున్నట్టు కూర్చునేవారు. చివరికి మా అమ్మాయి ఏడుస్తూ లేచేది, నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉండేదాన్ని.

స్కూల్ డబ్బా మాత్రం ఖాళీగా వచ్చేది. అందులో అన్నం నాది. కూర నాది. పోపు నాది. నా చేతి వంటే నా ముందు గొంతు దిగదు, ఆవిడ ముందు దిగుతుంది. డబ్బా మూత తీసి ఖాళీ అడుగు చూసిన ప్రతిసారీ నాకు ఏడుపూ సంతోషమూ కలిపి వచ్చేవి. సంతోషం పిల్ల తిన్నందుకు. ఏడుపు ఎందుకో మీకు తెలుసు. ఆవిడే తినేస్తోందేమో అని కూడా కొన్నాళ్ళు అనుమానించాను. ఆ నెల ఆవిడ కొంచెం ఒళ్ళు చేసినట్టే అనిపించింది.

ఒకరోజు ఇక ఆగలేక ఆవిడ ఇంటికి వెళ్ళి అడిగేశాను. "అసలు నువ్వేం చేస్తావు అక్కడ?"

"ఏం చెయ్యను అక్కా. కూర్చుంటాను."

"నేను మాత్రం డాన్స్ చేస్తున్నానా?"

ఆవిడ నవ్వలేదు. తన క్లాసులో పిల్లలకి పుస్తకం వచ్చుగానీ ఇల్లు తెలియదని, అమ్మానాన్నలు ఎలా ఉంటారో వాళ్ళు వినాలని, నాకిష్టమైతే గురువారం రమ్మని అంది. "మా అమ్మాయి ఏమంటుందో" అన్నాను. "అడిగాను అక్కా. సరేనంది" అంది. చూశారా, అది కూడా నాకంటే ముందు ఆవిడే అడిగేసింది.

అయినా వెళ్ళాను. సేవ చెయ్యడానికి కాదు. ఆవిడ రహస్యం ఏమిటో పట్టుకోవడానికి.

క్లాసు అంటే నేను నల్లబల్ల, బెంచీలు అనుకున్నాను. అక్కడ బల్లలు, లాప్‌టాప్‌లు, పెద్ద పెద్ద నీళ్ళ సీసాలు. తినడానికి ఏదైనా తెమ్మంది కదా అని ఇడ్లీలు, కారప్పొడి పట్టుకెళ్ళాను. ఆవిడ ఇద్దరు పిల్లల్ని ముందుకి పిలిచి, ఒకరు తల్లి, ఒకరు జబ్బున్న పిల్ల అని చెప్పి, మధ్యలో ఇడ్లీలు పెట్టింది. పిల్ల వేషం వేసిన అమ్మాయి థాంక్యూ చెప్పి తినేసింది. ఇంకో జత వచ్చింది. అందులో పిల్ల వేషం వేసిన అబ్బాయి కూడా తినేశాడు, కారప్పొడి ఇంకా ఉందా అని అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో, ఇలా తినే పిల్లలుంటే మీకు ఈ కోర్సే అక్కర్లేదు అన్నాను. క్లాసంతా నవ్వింది.

"అయితే నువ్వు కూర్చో అక్కా" అంది మా తోడికోడలు.

కూర్చున్నాను. మా అమ్మాయి వేషం నాకంటే బాగా ఎవరు వేస్తారు? టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి అబ్బాయి నాకు తల్లిగా వచ్చాడు. పాపం నాలాగే నా పక్కన నిలబడ్డాడు. జస్ట్ వన్ బైట్ అన్నాడు. నేను ఇడ్లీని రవ్వ చేశాను. ప్రోటీన్ ఉంది అన్నాడు. రవ్వని పళ్ళెం అంచుకి రాశాను. ఇందాక తిన్నావుగా, ఇంకొంచెమేగా అన్నాడు. టిష్యూ తీసి మూతి తుడుచుకుంటూ ఒక ముక్క అందులోకి దించాను. ఎవరూ పట్టుకోలేదు. నేనే విప్పి చూపిస్తే చప్పట్లు కొట్టారు. తొమ్మిదో తరగతిలో నా చేత బల్ల ఎక్కించిన సైన్సు మాస్టారు అక్కడుంటే బాగుండేదనిపించింది. యూనివర్సిటీలో నాకు చప్పట్లు. మా తోడికోడలి క్లాసులో, మా తోడికోడలికి కాదు, నాకు.

అప్పుడు ఆ అబ్బాయిని పంపేసి ఆవిడ వచ్చింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. తన సంచీలోంచి తన డబ్బా తీసి మూత తెరిచింది. చపాతీ, బెండకాయ వేపుడు. తినడం మొదలుపెట్టింది. నా పళ్ళెం వైపు చూడలేదు. క్లాసు ఉందన్న ధ్యాసే లేనట్టు, తెలుగులో అడిగింది.

"అక్కా, నా కరివేపాకు చెట్టుకి ఏదో పట్టింది. ఆకులన్నీ ముడుచుకుపోతున్నాయి. ఏం చెయ్యాలంటావు?"

ప్రాణం లేచొచ్చింది నాకు. ఇన్నాళ్ళకి ఆ చెట్టుకి పురుగు పట్టింది. పుల్ల మజ్జిగ, అన్నాను. బాగా పులిసింది కావాలి, ఫ్రిజ్‌లో పెట్టింది పనికిరాదు, నీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టాలి. ఎండలో కొట్టావంటే మాడిపోతుంది. కొమ్మల చివర్లు తుంచెయ్, మొహమాట పడకు. వేపనూనె కొడతారు కొందరు, నేనైతే కొట్టను, చారులో ఆ వాసనెవరు భరిస్తారు. మజ్జిగ వల్ల నేల కొంచెం వాసనొస్తుంది, రెండు రోజులు ముక్కు మూసుకో. ఆవిడ బుద్ధిగా ఊ కొడుతూ తన చపాతీ తుంచుకుంటోంది. నేను ఇంకా మట్టి గురించి చెప్పబోతుంటే ఆవిడ క్లాసు వైపు తిరిగి, నేనేం చేశాను, అని ఇంగ్లీషులో అడిగింది.

వెనక వరసలో ఒక అమ్మాయి అంది, "యూ ఏట్."

నేను నా పళ్ళెం వైపు చూశాను. ఖాళీగా ఉంది. అంచున రాసిన రవ్వ కూడా లేదు.

అంత మందిలో అంతకంటే అవమానం ఏముంటుంది? ఎవరి ముందు మా అమ్మాయి తింటోందని నేను కుళ్ళిపోతున్నానో, ఆవిడ ముందు నేను కూడా తినేశాను. ఆవిడ నాకు పెట్టలేదు, అడగలేదు, చూడలేదు. ఆవిడ భోజనం ఆవిడ చేసింది, అంతే.

తిరిగి వచ్చేటప్పుడు కారు ఆవిడే నడిపింది. హైవే ఎక్కాక మెల్లగా, పురుగు ఎన్నాళ్ళ నుంచి పట్టింది అని అడిగాను.

"పట్టలేదు అక్కా. బానే ఉంది చెట్టు."

హైవే మీద కాకపోతే దిగిపోయేదాన్ని.

ఈసారి ఆవిడే అడిగింది. "రాత్రి నువ్వెక్కడ తింటావు అక్కా?"

"వంటగదిలో."

"ఎప్పుడు?"

"అందరూ తిన్నాక. ఇంకెప్పుడు తింటారు?"

ఆవిడ సిగ్నల్ వేసి లేన్ మారింది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అందరికీ పెట్టి, ఆఖరున గిన్నె అడుగున మిగిలింది గిన్నెలోనే కలుపుకుని తినేది. నేను కౌంటర్ దగ్గర నిలబడి బాణలిలో అన్నం వేసి తుడుచుకుని తింటాను. బాణలిలో కలిపిన ముద్ద రుచే వేరు. మా వదిన అంతే, అత్తగారు అంతే. చర్చిలో నేనైతే గిన్నెలు సర్దేటప్పుడు తింటాను, లేదంటే ఇంటికెళ్ళి తింటాను. మా ఇంట్లో ఆడవాళ్ళు భోజనానికి కూర్చోవడం నేను పెళ్ళి ఫొటోల్లో మాత్రమే చూశాను.

"అయితే నావల్లే వచ్చిందా ఇది?" అని అడిగాను. అడగడానికి చాలా బలం కావాల్సి వచ్చింది.

"కాదు. నీవల్ల రాలేదు. ఎవరో ఒకరి వల్ల వచ్చే జబ్బు కాదిది, అది నా స్టూడెంట్స్‌కి కూడా మొదటి క్లాసులోనే చెబుతాను. కానీ తగ్గాలంటే దాని ఎదురుగా ఎవరో ఒకరు మామూలుగా తింటూ ఉండాలి అక్కా. అంతే."

అంతే అట. రెండేళ్ళ కోర్సు, ప్రొజెక్టర్, నీళ్ళ సీసాలు, చివరికి ఎదురుగా కూర్చుని తినమని. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది, ఎందుకంటే అది నిజమని నాకప్పటికే తెలిసిపోయింది.

ఆ రాత్రి నేను నాకు కూడా పళ్ళెం పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. ఇంట్లో దొంగలు పడ్డట్టు చూశారు ఇద్దరూ.

"మరి చారు ఎవరు పోస్తారు?" అన్నారు మా ఆయన.

"గరిటె అక్కడే ఉందండీ. కరవదు."

మా అమ్మాయి నన్ను అదోలా చూసింది. "మమ్మీ, ఆర్ యూ ఓకే? కడుపు నొప్పా?"

"ఆకలి" అన్నాను.

అన్నం కలుపుకున్నాను. నా చెయ్యి నోటి దగ్గరికి వెళుతుంటే అది కళ్ళార్పకుండా చూస్తోంది. మా ఆయన ఇల్లంతా చారు మరకలు చేసుకుంటూ వడ్డించుకుంటున్నారు. లేచి తుడవకుండా ఉండడానికి నేను కుర్చీ అంచు పట్టుకున్నాను.

అప్పుడు మా అమ్మాయి చెప్పింది. దాని తెలుగు ఎప్పుడూ సగంలో ఇంగ్లీషులోకి జారిపోతుంది, కానీ ఇది మాత్రం మొత్తం తెలుగులోనే చెప్పింది. "చిన్నప్పుడు నువ్వు రోజూ ఉపవాసం ఉంటున్నావనుకున్నా మమ్మీ."

అలాంటప్పుడు పనికొచ్చే జోకు ఒక్కటి కూడా నాకు ఎవరూ నేర్పలేదు. తల ఊపి ఇంకో ముద్ద కలుపుకున్నాను. ఆ రాత్రి అది పెద్దగా ఏమీ తినలేదు. కానీ ఏడవకుండా లేచింది. టిష్యూలో కూడా ఏమీ లేదు, నేను తర్వాత చూశాను.

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగిందని చెబితే అబద్ధం. కొన్ని రాత్రులు తినేది, కొన్ని రాత్రులు పళ్ళెం తోసేసేది. ఒకసారి నన్ను ద్వేషిస్తున్నానంది, నేను ఇంకో అప్పడం తీసుకుని కరకరలాడించాను. స్కూల్లో కుర్చీ మాత్రం ఆవిడదే. డబ్బా ఖాళీగా వస్తూనే ఉంది. ఆవిడ ఏదో కబురు చెప్పిందని, ఇద్దరూ నవ్వుకున్నారని మా అమ్మాయి కారులో చెబుతుంటే, నేను రోడ్డు వైపు చూస్తూ మంచిదమ్మా అనేదాన్ని. ఆ మంచిదమ్మాలో ఎంత ఉప్పు ఉందో నాకే తెలుసు.

ఇలా ఉండగా ఆవిడ వేరే ఊళ్ళో స్కూళ్ళకి ట్రైనింగ్ ఇవ్వడానికి వెళ్ళాల్సి వచ్చింది. నువ్వు వెళ్ళు అక్కా, అంది. ఆవిడ దయ తలిస్తే నేను వెళ్ళి కూర్చునే కుర్చీయా అది? మా అమ్మాయి అడిగితేనే వెళతాను అన్నాను. ఇంట్లో ఏమీ తెలియనట్టు తిరిగాను. మా ఆయన ఆ రోజు తాను ఇంటి నుంచి పని చేస్తానని, కావాలంటే తాను వెళతానని అన్నారు. ఆయన్ని చూసిన చూపుకి ఆయనే, పోనీలే మీటింగ్ ఉన్నట్టుంది అనుకున్నారు. మా అమ్మాయి ఏమీ అనలేదు. రెండు పూటలు నేను దాని ముఖమే చూస్తూ బతికాను.

స్కూల్ నుంచి తీసుకొచ్చేటప్పుడు, సీట్ బెల్ట్ పెట్టుకుంటూ, కిటికీ బయటికి చూస్తూ అంది. "రేపు పిన్ని రాదు. నువ్వు వస్తావా?"

"రేపా? చూడాలి, నాకు చాలా అపాయింట్‌మెంట్లున్నాయి."

"మమ్మీ."

"వస్తాను."

"నీ బాక్స్ కూడా తెచ్చుకో" అంది.

మర్నాడు రెండు డబ్బాలు కట్టాను. రెండిట్లోనూ ఒకటే. అన్నం, మామిడికాయ పప్పు, బంగాళదుంప వేపుడు, కొంచెం పెరుగన్నం. కౌన్సిలర్ నన్ను గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. నీలం రంగు కుర్చీ, ఎత్తు మార్చుకునే రకం. మా తోడికోడలు నాకంటే పొట్టి. ఆవిడ ఎత్తుకి దించి పెట్టి ఉంది, కూర్చోగానే బల్ల నా గుండెల దాకా వచ్చింది. ఊళ్ళో లేకపోయినా ఆవిడ ఆ కుర్చీలో ఉంది. కింద మీట ఎక్కడుందో వెతికి, నా ఎత్తుకి లేపుకున్నాను. మా అమ్మాయి చూసి నవ్వింది.

మూతలు తీశాం. తింటున్నాను. ఇంకొంచెం అనే మాట నాకు ఎక్కిళ్ళలా గొంతులోకి వస్తూనే ఉంది. అది వచ్చినప్పుడల్లా ఒక పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆ రోజు నేను తిన్నంత గబగబా ఆ బడిలో ఎవరూ తిని ఉండరు. ఏం మాట్లాడాలో తెలియక, మీ బ్యాండ్ సార్ ఎలా ఉన్నారు అన్నాను. మా అమ్మాయి స్పూన్ పక్కన పెట్టి, భుజాలు పైకెత్తి, గడ్డం లోపలికి లాక్కుని, ఆయన ఎలా నడుస్తాడో, ఎవరైనా తప్పు స్వరం వాయిస్తే ఎలా ఒక కన్ను మూసుకుంటాడో చేసి చూపించింది. ఆయన్ని నేను ఒక్కసారే చూశాను, అయినా అచ్చం ఆయనే. నాకు పొలమారింది. అది లేచి వచ్చి నా నెత్తి మీద తట్టింది. ఈ పిల్ల ఎవరి కూతురో అని ఎవరికీ అనుమానం రానక్కర్లేదు.

మళ్ళీ వెళ్ళి కూర్చుని తింది. తింటూ ఆగింది. డబ్బాలో పెరుగన్నం మిగిలింది. దాని వైపు నేను చూడలేదు. చూడకుండా ఉండడానికి గోడ మీదున్న పోస్టర్ చదవడం మొదలుపెట్టాను. చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలతో సహా ఉంది అందులో. మొత్తం చదివాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. వేళ్ళ మధ్య రుద్దుకోవడం దగ్గరికి వచ్చేసరికి, స్పూన్ డబ్బా అడుగుకి తగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకోసారి.

సాయంత్రం మా తోడికోడలు ఫోన్ చేసింది. ఎలా జరిగింది అంది.

"ఏముంది? కూర్చున్నాం" అన్నాను.

ఏం మాట్లాడుకున్నారు అని అడిగింది. నేను తాపీగా, ఒక్క ముక్క కూడా వదలకుండా, బ్యాండ్ సార్ నడక, మూసిన కన్ను, నాకు పొలమారడం, నెత్తి మీద తట్టడం అన్నీ చెప్పాను. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"నాకెప్పుడూ చేసి చూపించలేదే" అంది చివరికి. నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు నాకు బాగా పరిచయం. ఇన్నేళ్ళుగా ఆవిడ ముందు నేను నవ్వుతున్నది అదే నవ్వు. నాకు కలిగిన ఆనందం ప్రార్థనలో సాక్ష్యంగా చెప్పుకునే రకం కాదు.

ఇప్పుడు కొన్ని రోజులు ఆవిడ, కొన్ని రోజులు నేను. పంచింది మా అమ్మాయే. మా వంతు ఎప్పుడో అదే చెబుతుంది, మేమిద్దరం నోరెత్తం. చర్చిలో గరిటె ఇంకొకరికి ఇచ్చి నేను కూడా పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడుతున్నాను. వాళ్ళ వడ్డన నాకు నచ్చదు, అది వేరే సంగతి. ఆవిడ కరివేపాకు ఇప్పుడు నా తల దాటింది. చూసీ చూడనట్టు వెళ్ళిపోతాను.

స్కూల్లో ఆ నీలం కుర్చీని మాత్రం, వెళ్ళిన ప్రతిసారీ నా ఎత్తుకి లేపుకుని కూర్చుంటాను. వచ్చేటప్పుడు దించను.